దొరకు ఇచ్చిన తేటనీళ్లు

పోయిన వారం మా ఇంటికి ఒక సర్కారు ఆఫీసు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. భుజాన సంచి, సంచిలో నాలుగు గాజు సీసాలు, ఒక్కోదాని మెడలో ఒక్కో చీటీ. మా వీధి పిల్లల పళ్లు పచ్చబారుతున్నాయనీ, ముసలివాళ్ల మోకాళ్లు బిగుసుకుపోతున్నాయనీ ఎవరో రాసి పంపితే, నీళ్లు పరీక్షకు పట్టుకుపోదామని వచ్చాడట. మర్యాదస్తుడు. చెప్పులు విప్పి గడప బయటే నిలబడి, "అమ్మా, మీరు తాగే నీళ్లు ఒక సీసాడు పోస్తారా?" అన్నాడు. ఆ మాట వినడమే ఆలస్యం, మా ఆవిడ రూతమ్మ లోపలికి పోయి కడవ మూతికి నాలుగు మడతల గుడ్డ కట్టి నీళ్లు వడగట్టడం మొదలుపెట్టింది. అంతటితో ఆగిందా? గూట్లో చేయి పెట్టి మా అవ్వనాటి చిల్లగింజ తీసింది. "ఏయ్! ఆగు! వడగట్టొద్దు!" అని నేను వేసిన కేకకు ఆ అబ్బాయి చేతిలో సీసా జారింది, పక్కింటి మేక తాడు తెంచుకుంది, చర్చి మీది పావురాలన్నీ లేచి బేస్తవారిపేట దిక్కుగా పోయాయి.

మేక తాడు తెంచుకోలేదు. పావురాలు కూడా ఎక్కడివక్కడే ఉన్నాయి. సీసా జారిన మాట మాత్రం నిజం. గిద్దలూరు నుంచి తర్లుపాడు దాకా నన్ను ఎరిగినవాళ్లు నేను చెప్పే మాటలో రూపాయికి పావలా నమ్ముతారు. నా సొంత బిడ్డలు ఆ పావలా కూడా నమ్మరు. అందుకని ఈ ఒక్క అధ్యాయంలో అబద్ధం ఎక్కడున్నా నేనే వేలు పెట్టి చూపిస్తాను. మిగిలింది జరిగిందే.

చిల్లగింజ తెలియని పట్నంవాళ్లకు ఒక మాట. చొక్కా గుండీ అంత గుండ్రంగా, గట్టిగా ఉండే గింజ అది. నల్లమల నుంచి చెంచు ఆడవాళ్లు తెచ్చి, సోలెడు జొన్నలకు పిడికెడు ఇచ్చిపోయేవారు. దాన్ని కడవ లోపలి అంచున నాలుగు తడి చుట్లు అరగదీసి వదిలితే, ఎంత బురద నీళ్లయినా కాసేపటికి మడ్డి అడుగుకు దిగి పైన తేటగా నిలుస్తాయి. మా అవ్వ సువార్తమ్మ చేతిలో అది అరిగి అరిగి కందిబద్ద అంతయింది. అవ్వ అంటే మా నాయన తల్లి. మనిషి పొట్టి, మాట పొడుగు. పొద్దున లేస్తూనే పొయ్యిలో పిడక రాజేసి, ప్రార్థన చేసి, తర్వాత మా నాయనను తిట్టేది. ఈ మూడింటి వరస ఎన్నడూ తప్పలేదు. ఇల్లంతా పిడక పొగ, జొన్న సంగటి వాసన, మా నాయన చొక్కా నుంచి రాతిపొడి వాసన. వాన తొలి చినుకుకు రాయి వేసే వాసన ఒకటుంటుందే, అది మా ఇంట్లో ఎండాకాలం కూడా ఉండేది.

ఎందుకంటే మా నాయన పలకల గనిలో రాయి చీల్చేవాడు. మద్రాసు సర్కారు రోజులవి. మా దిక్కంతా కర్నూలు జిల్లా కింద ఉండేది. గుట్టలో రాయి తవ్వి, ఉలితో పొరలు పొరలుగా విడదీసి, అంచులు కోసి, చెక్క చట్రం బిగిస్తే పలక. అవి రైలెక్కి ఎక్కడెక్కడి బడులకో పోయేవి. అయితే బండెడు పలకలు రావాలంటే గుట్టెడు తుక్కు పడాలి. ఆ తుక్కు పారబోయడానికి గుట్టకు రెండు దిక్కులున్నాయి. ఒక దిక్కున ఊరివాళ్ల చేలు, రెండో దిక్కున వాగు. వాగు కింద, ఊరికి ఎడంగా, మా పల్లె. ఊరి పెద్దమనుషులు వచ్చి, "మా చేల దిక్కు ఒక్క పెళ్ల పడినా ఊరుకోం" అన్నారు. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోజు నుంచి తుక్కంతా వాగులోనే. ఆ తుక్కు గంపలు మోసి పోసింది కూడా మా పల్లెవాళ్లే అని చెప్పకపోతే కథ మరీ అందంగా తయారవుతుంది.

ఆ వాగు ఇసుకలో మాకొక చెలమ ఉండేది. మోకాటి లోతు ఇసుక తోడితే ఊరే నీళ్లు, పల్లె మొత్తానికి అవే తాగునీళ్లు. అంతకుముందు మా ఆడవాళ్లు ఊరిబావి దగ్గరికి పోయేవారు. పోయేవారంటే, తోడుకోవడానికి కాదు. మేం ప్రభువును నమ్ముకొని పేర్లు మార్చుకున్నాం గానీ, ఆ సంగతి బావికి ఎవరూ చెప్పలేదు. బావి గట్టుకు దూరంగా కుండ పెట్టుకొని నిలబడితే, ఊరి ఆడవాళ్లలో ఎవరికైనా మనసైనప్పుడు పైనుంచి పోసేవారు. అవ్వ కొత్త కోడలుగా వచ్చిన ఏడు, వాళ్లు తమ బిందెలు నింపుకొని, దూడలకు తాపి, బట్టలు కూడా ఉతుక్కున్న తర్వాత ఎవరో అవ్వ కుండ దిక్కు చూశారట. అప్పటికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంటికొచ్చి కుండ దించి, "ఇంక ఈ జన్మలో ఆ బావికాడ నిలబడను. నిలబడితే నన్ను సువార్తమ్మ అని పిలవొద్దండి" అన్నదట. ఆ వారమే మా తాత ఇసుకలో చెలమ తోడాడు. అందుకే ఆ చెలమ అవ్వకు నీళ్ల కన్నా ఎక్కువ.

తుక్కు పడడం మొదలైన రెండో వానకే ఇసుక మీద బూడిదరంగు బురద పేరుకుంది. చెలమలో నీళ్లు పలక కడిగిన నీళ్లలాగా వచ్చేవి. తాగితే పంటి కింద కరకర. పిల్లలకు కడుపునొప్పులు. గని మేనేజరును అడుగుదామంటే రేపటి కూలి పోతుందని భయం. అప్పుడు పల్లెలో పెద్దవాళ్లు చర్చి అరుగు మీద కూర్చొని, అర్జీ రాసుకుందామని తీర్మానించారు. ఇంగ్లీషులో రాస్తే సబ్ కలెక్టరుగా ఉన్న తెల్లదొర చదువుతాడు. ఇంగ్లీషు ఎవరికొచ్చు? మార్కాపురంలో ఎనిమిదో క్లాసు దాకా చదివి, లెక్కల్లో తప్పి, ఇంటికొచ్చి, మీసం వచ్చీ రాని మొహంతో పల్లెలో "ఇంగ్లీషోడు" అని పిలిపించుకుంటున్న ఒకే ఒక్క మేధావికి. అంటే నాకు.

నిజం రాస్తే నాలుగు ముక్కలు. నీళ్లు చెడినాయి, తుక్కు ఆ పక్కకు జరిపించండి, చిత్తం, దండం. కానీ నాకు అంత చిన్న అర్జీ రాయడం నామోషీ అనిపించింది. ఆ గుట్ట రాతితో చేసిన పలక మీదే ముందు చిత్తు రాశాను. ఈ నీళ్లు తాగిన కోడి నల్లటి గుడ్డు పెట్టిందనీ, దాని మీద బలపంతో రాస్తే అక్షరం పడుతున్నదనీ రాశాను. మా మేక బూడిదరంగు పాలు ఇస్తున్నదని రాశాను. మా చిన్నాయన తుమ్మితే పలక ముక్క పడిందని రాశాను. చదివి తెలుగులో చెప్పమంటే పల్లెవాళ్లకు పై నాలుగు ముక్కలే చెప్పాను. అందరూ వేలిముద్రలు వేశారు. అవ్వ అందరికన్నా గట్టిగా వేసింది.

దొర వచ్చాడు! ఆ అర్జీ చదివి నవ్వు ఆపుకోలేక, ఈ కోడిని చూడాల్సిందే అని గుర్రమెక్కాడని తర్వాత తెలిసింది. కబురు ముందురోజే అందింది. ఇక చూడండి మా పల్లె సంబరం. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు, కానీ తెల్లవారేసరికి ఇళ్లన్నీ అలికి ఉన్నాయి. పిల్లల తలలకు నూనె పడింది. ఆడవాళ్లంతా వాగుకు పోయి, దొర చూసే చెలమ అట్ల ఉంటే ఎట్ల అని, బురదంతా గంపలతో ఎత్తిపోశారు. ఎగువన ఎక్కడో తుక్కు పడని చోటు నుంచి మంచి ఇసుక తెచ్చి చెలమ చుట్టూ పరిచారు. ఆ ఇసుక మోసిందెవరు అనుకుంటున్నారు? ఈ అర్జీ రాసిన మేధావే. ఆరు గంపలు మోశాను. పదహారని చాలామందికి చెప్పాను, ఆరే.

దొర చిన్నవాడు, ఎండకు మొహం కందిపోయి టమాటాపండులా ఉన్నాడు. వెంట ఒక గుమాస్తా. చర్చి ముందు దిగీ దిగగానే జేబులోంచి నా అర్జీ తీసి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. గుమాస్తా నా వైపు తిరిగి, "రాసింది నువ్వేనంట గదా. ఆ నల్ల గుడ్ల కోడి ఏదిరా?" అన్నాడు.

నేను చేతులు కట్టుకున్నాను. "తిన్నామండీ."

"నల్ల గుడ్లు పెట్టే కోడిని తిన్నారా?"

"క్రిస్మసుకండీ."

గుమాస్తా తర్జుమా చేశాడు. దొర నవ్వాడు. పల్లెవాళ్లకు కోడి సంగతి అప్పుడే తెలిసింది. మా నాయన నా వైపు చూసిన చూపు, రాతిని చీల్చే ముందు ఉలి ఎక్కడ పెట్టాలా అని చూసే చూపు.

అందరం చెలమ దగ్గరికి పోయాం. అద్దంలా ఉంది. ఇన్నేళ్లలో అంత అందంగా ఎన్నడూ లేదు. అయినా దొర మంచివాడే. ఎగువన తుక్కు కుప్ప చూశాడు, ఇళ్లలో నీళ్లు కూడా చూస్తానన్నాడు. ఒక్కో ఇంట్లో కడవ మూత తీయడం, అడుగు దాకా కనపడడం. పల్లెలో ఉన్న చిల్లగింజలన్నీ ఆ ఒక్క పొద్దునే అరిగిపోయి ఉండాలి. చివరికి మా ఇంటి ముందుకొచ్చాడు. అవ్వ చర్చికి కట్టే తెల్లచీర కట్టుకొని, చింతపండుతో తోమిన ఇత్తడి గ్లాసు నిండా నీళ్లు పట్టుకొని నిలబడింది. "ఎండన పడి వచ్చినావు నాయనా. ముందు ఇన్ని నీళ్లు తాగు, తర్వాత రాసుకుందువు" అన్నది.

గుమాస్తా ఒకడుగు వెనక్కి వేశాడు. దొర గ్లాసు అందుకొని గటగటా తాగి, మళ్లీ గ్లాసు చాచాడు. అవ్వ మళ్లీ పోసింది. మా చేతి నీళ్లు సర్కారు తాగడం అదే మొదలు. మా చిన్నాయన కళ్లు తుడుచుకున్నాడు. నేను కూడా, నా ఇంగ్లీషు ఎంత పని చేసిందో చూడండని రొమ్ము విరుచుకున్నాను. దొర పోతూ పోతూ అవ్వకు టోపీ తీసి దండం పెట్టాడు. టోపీ తీసింది నిజం. దండం నేను తర్వాత చేర్చింది.

నెలకు కాగితం వచ్చింది. చర్చి అరుగు మీద అందరూ చేరారు, చదవమన్నారు. పెద్ద మాటలేమీ లేవు. స్వయంగా చూశాననీ, చెలమ శుభ్రంగా ఉన్నదనీ, ఇళ్లలో నీళ్లు తేటగా, రుచిగా ఉన్నాయనీ, అర్జీలో రాసినవి కట్టుకథలనీ, తుక్కు జరిపించే అవసరం కనపడలేదనీ. అంతే. నేను చదివి, ఒకసారి గొంతు సవరించుకొని, మళ్లీ చదివాను. ఎన్నిసార్లు చదివినా అవే మాటలు వచ్చాయి. అబద్ధం చెబుదామని చూశాను. జన్మలో మొదటిసారి నోటికి రాలేదు.

"మరి ఉన్న నీళ్లు ఉన్నట్టు ఎందుకు ఇయ్యకపోతిమి?" అన్నాడు మా చిన్నాయన.

"బురదనీళ్లు ఎట్ల ఇస్తాం మామా? ఇంటికొచ్చిన మనిషికి," అన్నది ఎవరో ఆడమనిషి.

"అదీ నిజమే. మనిషన్నోడికి ఆ నీళ్లు ఎట్ల ఇస్తాం," అన్నాడు చిన్నాయనే.

అవ్వ తలెత్తింది. "మనం తాగుతున్నాం గదా?" అన్నది.

అరుగు మీదున్న వాళ్లు ఒక్కొక్కరే లేచి ఇళ్లకు పోయారు.

నేను ఊరుకుంటే బాగుండేది. కానీ ఇంగ్లీషోణ్ణి గదా. ఈసారి అబద్ధం లేకుండా, చెలమ నీళ్లే కుండలో పట్టుకొని కంభం బంగళాలో క్యాంపు వేసిన దొరకు చూపిద్దామని నాయనను వెంటపెట్టుకొని నడిచాను. కుండ నెత్తిన కదలకుండా ఎంత జాగ్రత్తగా మోశానంటే, అక్కడికి పోయి మూత తీసేసరికి మడ్డంతా దిగి నీళ్లు తేటపడి ఉన్నాయి. వాకిట్లో ఆ గుమాస్తానే. "బాగానే ఉన్నాయి గదరా?" అన్నాడు. కుండ పట్టుకొని గిలక్కొట్టాను. నీళ్లు బూడిదరంగు తిరిగాయి. "నా కళ్ల ముందే బురద కలుపుతావురా దొంగనాయాలా!" అని కర్ర తీశాడు. తిరుగుదోవలో బేస్తవారిపేట దాటాక నాయన, "ఆ కోడి మాట రాయకుండా ఉంటే మేలు గదరా" అన్నాడు, మెల్లగా. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

తర్వాతి వానకు చెలమ పూడిపోయింది. తోడితే రాతి పెళ్లలే. పల్లె ఆడవాళ్లు కుండలెత్తుకొని మళ్లీ ఊరిబావి దారి పట్టారు. మా ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు, అవ్వేమో పోలేదు. పూడిన చెలమలోనే మధ్యాహ్నం దాకా గీరి చెంబెడు మడ్డి తెచ్చి, దానికి చిల్లగింజ పట్టించి, గుక్కెడు గుక్కెడు తాగి సరిపెట్టుకునేది. సంగటి మానేసింది, నీళ్లు ఎక్కువ పడతాయని. నాలుగు రోజులకు పెదవులు పగిలాయి. "పోయి నిలబడితే ఏమైతదే అమ్మా" అని నాయన అంటే, "నువ్వు నన్ను ఏమని పిలుస్తావురా అప్పుడు?" అన్నది. ఆ మాట నాయనతో అన్నదే గానీ, చూసింది నా దిక్కు. ఐదో రోజు నేను కావడి ఎత్తుకున్నాను. పల్లెలో మగవాడు నీళ్లకు పోవడం అప్పటికి లేదు. "ఏం ఇంగ్లీషోడా, దొర కావడి ఇచ్చినాడా?" అని నా ఈడువాళ్లు దారి పొడుగునా సాగనంపారు.

బావికి దూరంగా కుండలు దించి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో చెబితే మీరు నమ్మరు, పైగా నా మాట. నాకు తెలిసిందల్లా ఒకటి: అక్కడ నిలబడితే కాళ్లు కాదు నొప్పి పుట్టేది, మొహం. ఎటు తిప్పాలో తెలియదు. చివరికి వెంగమ్మ అనే రెడ్డి ముసలమ్మ చేద పట్టుకొని నా దిక్కు చూసి, "ఒరే, నల్లగుడ్ల కోడి నీదేనంట గదా? ఏందిరా ఆ సంగతి?" అన్నది.

చెప్పాను. చెబుతుంటే ఆమె నవ్వుతూ నవ్వుతూ పైనుంచి నీళ్లు వదిలింది. కోడి అయిపోగానే చేద ఆగిపోయింది. నా కుండ సగమే నిండింది. నేను చూశాను, ఆలోచించాను. "అమ్మా, ఆ కోడికి ఒక చెల్లెలుంది" అన్నాను. చేద మళ్లీ బావిలోకి దిగింది.

అట్లా నాలుగేళ్లు. కథ కుండ కన్నా ముందు అయిపోకూడదు, ఇదే నేను నేర్చుకున్న విద్య. నీళ్లు కుండ మెడ దాకా వచ్చేవరకు పులి దూకకూడదు. రెండో కుండ ఉందనుకోండి, దూకిన పులి గాల్లోనే ఉండాలి. వెనక మా పల్లె ఆడవాళ్లు పదిమంది ఉంటే, పులికి పదిమంది పిల్లలు. నా పుస్తకాలు చదివినవాళ్లు, మీ కథలు తొందరగా ముగియవండీ, ఎక్కడ నేర్చారు అని ఇప్పటికీ అడుగుతారు. మా అవ్వ దగ్గర అని చెబుతూ వచ్చాను. అది కూడా అబద్ధమే. వెంగమ్మ చెడ్డది కాదు. నవ్వితే కళ్లలో నీళ్లు తిరిగేవి. కానీ ఆ నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా, ఆ చేద నువ్వే పట్టుకోరా అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే కథ ఆగిపోతుంది.

కావడి దించగానే అవ్వ ఇత్తడి గ్లాసు ముంచుకొని, గడపలో కూర్చొని, "ఈ రోజు ఏ అబద్ధానికి ఇచ్చినారురా ఈ నీళ్లు?" అనేది. మళ్లీ మొదటినుంచి చెప్పేవాణ్ణి. అంతా విని, చివరి గుక్క తాగి, "అబద్ధం బాగుంది. నీళ్లే చప్పగా ఉన్నాయి. మన చెలమ నీళ్లు దొర రెండు గ్లాసులు తాగినాడు" అనేది. పోయేదాకా ఆమె సువార్తమ్మే. బావి దగ్గర నిలబడలేదు. నేను నిలబడ్డాను. ఆమె కోసం నేను చేసిన పని అదొక్కటే గనుక కొంచెం గొప్పగానే చెప్పుకుంటాను, క్షమించండి.

ఇప్పుడు మా వీధిలో బోరింగు ఉంది. ఎవరైనా కొట్టుకోవచ్చు, ఊరివాళ్లకూ అవే నీళ్లు. మోకాళ్ల దగ్గర మాత్రం కులం చూడని నీళ్లు. కాకపోతే వాళ్లలో స్తోమతున్నవాళ్లు దూరపు బావి నుంచి బండి మీద డ్రమ్ములు తెప్పించుకుంటున్నారు, మేం బోరింగే కొడుతున్నాం. వాగు దిక్కుకు పోతే ఆ తుక్కు గుట్ట ఇప్పటికీ ఉంది. మీద తుమ్మచెట్లు మొలిచాయి.

ఆ అబ్బాయి సీసా నేనే అందుకున్నాను. కడవ కాదు, బోరింగు దగ్గరికే పోయి, కొట్టిన నీళ్లు కొట్టినట్టు పట్టి, బిరడా బిగించి, చీటీ మీద సంతకం చేసేదాకా పక్కనే నిలబడ్డాను. పోలీసు కూడా దొంగను అట్లా చూడడు. "ఎందుకు సార్ అంత కేక వేశారు?" అన్నాడు. "పెద్ద కథ నాయనా" అన్నాను. అతను సీసాలు సంచిలో సర్దుకొని, నుదుటి చెమట తుడుచుకొని, మొహమాటంగా, "కొంచెం దాహం ఇప్పిస్తారా?" అన్నాడు.

రూతమ్మ నా మొహం చూసింది. సంచి బకిలు పెట్టి ఉందో లేదో నేను ఒకసారి చూసుకున్నాను. చూసుకొని, గూట్లోంచి చిల్లగింజ తీసి కడవ అంచున నాలుగు చుట్లు నేనే అరగదీశాను. పళ్లను పచ్చబరిచేది చిల్లగింజకు దిగదని తెలుసు, అయినా అరగదీశాను. నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, ఇత్తడి గ్లాసు నిండా పోసి, రెండు చేతులతో ఇచ్చాను. ముందు సీసా, తర్వాత గ్లాసు. అవ్వా, ఈ వరస తెలుసుకోవడానికి నీ మనవడికి ఇంతకాలం పట్టింది.